రచ్చబండ దగ్గర మన మాట: వికీపీడియాలో తగవు, విమర్శ, కులం

తెలుగు వికీపీడియాలో అందరూ కలిసి మాట్లాడుకునే చోటుకు ‘రచ్చబండ’ అని పేరు. కొత్త నియమం పెట్టాలన్నా, పాత తగవు తేల్చుకోవాలన్నా అక్కడికే వస్తారు. ఆ పేరు పెట్టినవాళ్ల మనసులో ఊరి నడుమ చెట్టు, చెట్టు చుట్టూ అరుగు, నలుగురి మంచీచెడూ మెదిలి ఉంటాయి. మన తాతలు ఎరిగిన రచ్చబండ వేరు. అరుగు మీద కూర్చున్నదెవరో, చెప్పులు చేతబట్టుకుని దూరంగా నిలబడ్డదెవరో, తీర్పు చెప్పిందెవరో, తప్పు కట్టిందెవరో మనకు ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

పేరు మార్చమని నేను అడగడం లేదు. ఈ అరుగు మీదికి ఇప్పుడు ఎవరైనా ఎక్కొచ్చు. ఊరు, కులం, ఇంటిపేరు ఏదీ చెప్పకుండా ఒక వాడుకరి పేరు పెట్టుకుని, పక్కవాడు రాసిన వాక్యాన్ని కొట్టేసి తన వాక్యం రాయొచ్చు. చరిత్రలో మనకు ఇలాంటి అరుగు దొరకడం ఇదే మొదటిసారి. కానీ ఎక్కడం ఒకటి, ఎక్కాక మాట నిలవడం ఇంకొకటి. అందరూ కలిసి రాసే చోట తగవు ఎలా తెగుతుంది, విమర్శకు జవాబు ఎవరు చెప్తారు, ఎవరి ఓపిక ముందు అయిపోతుంది అన్నవి విశ్వవిద్యాలయాల్లో ఉన్న మనం పట్టించుకోవాల్సిన ప్రశ్నలు. రేపటి విద్యార్థి మన గురించి మొదట చదివేది అక్కడే కాబట్టి.

ఈ ప్రశ్నను కోల్‌కతా నుంచి చూస్తే కొంచెం స్పష్టంగా కనిపిస్తుంది. ఈ నగరానికి మాట్లాడుకోవడమంటే అడ్డా. కాలేజ్ స్ట్రీట్ కాఫీహౌస్‌లో టేబుల్ చుట్టూ గంటల తరబడి నడిచే ఆ కబుర్ల మీద సిద్ధాంత గ్రంథాలే వచ్చాయి. అడ్డా అందమైనదే. అయితే అక్కడ నెగ్గిన మాటకు రికార్డు ఉండదు, ఓడినవాడికి అప్పీలు ఉండదు, అసలు ఆ టేబుల్ దగ్గర కుర్చీ ఎవరికి దొరికిందన్న ప్రశ్న ఎవరూ వేయరు. ‘బెంగాల్‌లో కులం లేదు’ అన్న మాట అలాంటి టేబుళ్ల దగ్గరే దశాబ్దాలపాటు బతికింది.

అడ్డా ఫేస్‌బుక్‌లోకి వచ్చాక ఆ మాట బండారం బయటపడింది. 2020 సెప్టెంబర్‌లో జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయ చరిత్ర అధ్యాపకురాలు మరూనా ముర్ము, కరోనా కాలంలో పరీక్షలు పెట్టడాన్ని ప్రశ్నిస్తూ ఒక పోస్టు కింద తన అభిప్రాయం రాశారు. నగరంలోని పేరున్న కాలేజీ విద్యార్థిని ఒకరు దానికి స్పందించారు. ఆ స్పందనలో పరీక్షల ప్రస్తావన లేదు. ముర్ము ఆదివాసీ కావడం, రిజర్వేషన్లు, అర్హత, ఇవే ఉన్నాయి. ఆ తర్వాత గుంపు వచ్చి పడింది. అధ్యాపక సంఘాలు ఖండించాయి, మంచిదే. ఇక్కడ గమనించాల్సింది తగవు నడిచిన తీరు. ఒక మనిషి ఒక వాదన చేసింది. అవతలి నుంచి వాదనకు ప్రతివాదన రాలేదు, మనిషి పుట్టుక వచ్చింది. విశ్వవిద్యాలయాల్లో సెమినార్ హాలు వెనక వరుసలో కూర్చునే మన పిల్లలందరికీ ఈ మలుపు తెలుసు. ప్రశ్న అడిగితే ర్యాంకు ఎంత అని అడుగుతారు.

దీనికి పక్కన పెట్టి చూస్తే వికీపీడియా పద్ధతి మనకు పనికొచ్చేదే. అక్కడి మొదటి సూత్రాల్లో ఒకటి, రాత గురించి మాట్లాడు, రాసినవాడి గురించి కాదు. వ్యక్తిగత దాడులు కూడవు. వికీమీడియా సంస్థ 2021లో ప్రకటించిన సార్వత్రిక ప్రవర్తనా నియమావళి, ఏ ఏ గుర్తింపుల మీద మనుషుల్ని అవమానించకూడదో చెప్తూ జాతి, మతం, లింగంతోపాటు కులాన్ని కూడా పేరుపెట్టి రాసింది. మన దేశంలో ఎన్ని విశ్వవిద్యాలయాల ర్యాగింగ్ నోటీసుల్లో ఆ మాట కనిపిస్తుందో లెక్కపెట్టుకోండి.

నాకు దానికంటే విలువైనదిగా తోచేది ‘చరిత్ర’ అన్న ట్యాబు. ప్రతి వ్యాసానికీ అది ఉంటుంది. ఎవరు ఏ రోజు ఏ గంటకు ఏ వాక్యం చేర్చారో, ఎవరు దాన్ని తీసేశారో మొత్తం అందులో ఉంటుంది. తుడిచేసిన మాట కూడా, తుడిచినవాడి వాడుకరి పేరుతో సహా, మామూలుగా అక్కడే పడి ఉంటుంది. చరిత్రలోంచి తుడిచివేయబడ్డవాళ్లకు, తుడిపివేత సైతం నమోదయ్యే పుస్తకం దొరకడం అంటే ఏమిటో వేరేవాళ్లకు అంత తేలిగ్గా అర్థం కాదు.

ఇక చిక్కు ఎక్కడుందో చూద్దాం. దానికి నూటపాతికేళ్లు వెనక్కి, ఇదే కలకత్తాకు వెళ్లాలి. 1901 జనగణన కమిషనర్ హెర్బర్ట్ రిజ్లీ. ముక్కులు కొలిచి కులాల అంతస్తులు చెప్పొచ్చని నమ్మినవాడు. ‘ట్రైబ్స్ అండ్ కాస్ట్స్ ఆఫ్ బెంగాల్’ అని అతని పెద్ద గ్రంథం కలకత్తాలోనే అచ్చయింది. ఆ జనగణనలో కులాలను అక్షరక్రమంలో కాకుండా, స్థానిక ప్రజాభిప్రాయం ఒప్పుకున్న సామాజిక హోదా వరుసలో పేర్చమన్నాడు. స్థానిక ప్రజాభిప్రాయం అంటే ఎవరి అభిప్రాయమో వేరే చెప్పాలా? దేశమంతా కులసంఘాలు లేచాయి. 1911 జనగణన నాటికి అర్జీలు ఎంతగా వచ్చిపడ్డాయంటే, బెంగాల్ జనగణన అధికారి ఓమాలీ వాటి బరువే ఒకటిన్నర మణుగులని తన నివేదికలో రాశాడు. బెంగాల్ మణుగు లెక్కన అది యాభై కిలోలకు పైమాట. మా పేరు మార్చండి, మా వరుస మార్చండి, మమ్మల్ని క్షత్రియులుగా రాయండి, వైశ్యులుగా రాయండి అని. ఇవాళ వికీపీడియా చర్చాపేజీల్లో కులవ్యాసాల కింద నడిచే దిద్దుబాటు యుద్ధాలు చదివినవాళ్లకు ఆ కట్టలు విప్పకుండానే అందులో ఏముందో తెలిసిపోతుంది.

అయితే ఆ కట్టల్లో అన్నీ ఒకే రకం కాగితాలు కావు. తూర్పు బెంగాల్ నామశూద్రులను అంతకుముందు రికార్డులు ‘చండాల’ అని రాసేవి. గురుచాంద్ ఠాకూర్ తరంలో ఆ పేరు మీద గట్టి పోరాటం జరిగింది. 1911 జనగణనలో ఆ తిట్టు పోయి నామశూద్ర అన్న పేరు ఒక్కటే నిలిచింది. వాళ్లు కూడా తమకు బ్రాహ్మణ మూలాలున్నాయని వాదించిన మాట నిజమే, దాన్ని దాచి చరిత్ర చెప్పడం నాకిష్టం లేదు. అయినా తేడా తేడానే. ఒక అర్జీ పక్కవాడి నెత్తిన ఎక్కడానికి పెట్టుకున్నది. ఇంకొకటి తన నెత్తిన పెట్టిన తిట్టును దించుకోవడానికి పెట్టుకున్నది. తూకం వేసిన గుమాస్తాకు రెండూ ఒకే కాగితం.

అందరూ కలిసి రాసే సమాజాల్లో తగవు తీర్చే నియమాలకు ఉన్న పెద్ద లోపం ఆ గుమాస్తా చూపే. ‘మూడు తిరుగుసేతల నియమం’ ఉంది. ఒకే వ్యాసంలో ఇరవైనాలుగు గంటల్లో మూడుసార్లకు మించి ఎదుటివాడి మార్పును వెనక్కి తిప్పకూడదు. మంచి నియమం. కాని తమ కులం రాజవంశం నుంచి వచ్చిందని రాసేవాడికీ, తమ వాళ్లను బూతుమాటతో పిలిచిన వాక్యాన్ని తీసేసే విద్యార్థికీ ఆ నియమం ముందు ఒకటే స్థానం. ఇద్దరూ ‘కులాభిమానులే’. నిర్వాహకుడు ఇద్దర్నీ ఒకే రోజు ఆపేసి, తటస్థంగా ఉన్నానని తృప్తిపడొచ్చు.

ఇందుకు విరుగుడు కూడా అదే వ్యవస్థలోంచి రావడం నేను కాదనను. ఆంగ్ల వికీపీడియాలో కుల వ్యాసాల మీద ఏళ్లు సాగిన గొడవల తర్వాతే, రిజ్లీ, థర్‌స్టన్ లాంటి వలస పాలనాకాలపు రచయితలను కులం విషయంలో నమ్మదగ్గ ఆధారాలుగా తీసుకోకూడదన్న అవగాహన స్థిరపడింది. బతికున్న మనిషి కులాన్ని, ఆ మనిషి స్వయంగా చెప్పుకుంటే తప్ప రాయకూడదన్న కట్టుబాటూ అలాగే వచ్చింది. ఇంటిపేరు వినగానే కులం లెక్కకట్టే మన తెలుగునేల మీద ఈ రెండో కట్టుబాటు ఎంత నాగరికమైనదో ఆలోచించండి. ఇవి పైనుంచి దిగిన వరాలు కావు. చర్చాపేజీల్లో విసిగి వేసారి వాదించిన మనుషులు రాబట్టినవి. తగవు లేకపోయి ఉంటే థర్‌స్టన్ ఇవాళ్టికీ ప్రమాణమే అయి ఉండేవాడు.

అసలు గట్టి గోడ ఆధారాల దగ్గర తగులుతుంది. మరిచ్‌ఝాపీనే తీసుకుందాం. దేశవిభజన తర్వాత తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చిన నామశూద్ర, పౌండ్ర శరణార్థులను కేంద్రం దండకారణ్యానికి పంపింది. మన సరిహద్దు అవతలి మల్కన్‌గిరిలో బెంగాలీ పల్లెలు ఎందుకున్నాయో చాలామంది తెలుగువాళ్లకు తెలియదు, అందుకే ఈ మాట చెప్తున్నాను. వామపక్ష నాయకులు ప్రతిపక్షంలో ఉండగా వాళ్లకు బెంగాల్‌లోనే చోటివ్వాలన్నారు. 1977లో అధికారంలోకి వచ్చారు. ఆ మాట నమ్మి 1978లో వేలాది కుటుంబాలు ఉన్నదంతా అమ్ముకుని సుందర్‌బన్స్‌కు బయలుదేరాయి. మరిచ్‌ఝాపీ దీవిలో గుడిసెలు వేసుకున్నారు, బడి పెట్టుకున్నారు. 1979 జనవరిలో పోలీసు లాంచీలు దీవిని చుట్టుముట్టాయి. తిండి, నీళ్లు ఆగిపోయాయి. జనవరి 31న కాల్పులు. మే నెలలో గుడిసెలు తగలబెట్టి అందర్నీ ఖాళీ చేయించారు.

ఎంతమంది చనిపోయారు? ప్రభుత్వం ఒప్పుకున్నది ఇద్దరిని. బయటపడ్డవాళ్ల లెక్కలు, పరిశోధకుల అంచనాలు వందల నుంచి వేల దాకా పోతాయి. ఇప్పుడు ఇరవైయేళ్ల విద్యార్థి ఒకరు వికీపీడియాలో ఆ వ్యాసం తెరిచి, తన అమ్మమ్మ చెప్పింది రాయబోయిందనుకోండి. ‘మౌలిక పరిశోధన నిషిద్ధం’ అంటారు. అచ్చయిన ఆధారం చూపమంటారు. ఆ దీవికి పత్రికలవాళ్లను వెళ్లనివ్వలేదు. అచ్చులో ముందు ఎక్కువగా కనిపించింది ప్రభుత్వం చెప్పినదే. జోగేంద్రనాథ్ మండల్ కుమారుడు జగదీశ్‌చంద్ర మండల్ బెంగాలీలో పుస్తకం వేస్తే అది చిన్న ప్రచురణ. రాస్ మల్లిక్ 1999లో జర్నల్ ఆఫ్ ఏషియన్ స్టడీస్‌లో రాశాక, 2004లో అమితావ్ ఘోష్ నవల ‘ది హంగ్రీ టైడ్’ వచ్చాక గానీ ఆ దీవి పేరు ఇంగ్లీషు చదువరులకు పెద్దగా వినబడలేదు. ఇరవై ఏళ్లు. అన్నాళ్లు ఆధారం లేదన్న మాటకు అర్థం, ఆధారం పుట్టనివ్వలేదని.

తటస్థ దృక్కోణం పేరుతో ‘ప్రభుత్వం ప్రకారం ఇద్దరు, మరికొందరి ప్రకారం ఎక్కువమంది’ అని రాస్తే వాక్యం తూకంగా కనిపిస్తుంది. ఎవరు లెక్కపెట్టారు, ఎవరు లెక్కపెట్టనివ్వలేదు అన్నది రాస్తేనే అది నిజంగా తటస్థం. ఈ తగవు చర్చాపేజీలో పెట్టి గెలవదగ్గదే. అందుకు కోపం ఒక్కటీ చాలదు. పత్రికల్ని అడ్డుకున్నారన్న సంగతికే ఒక అచ్చు ఆధారం వెతికి తేవాలి.

మన దగ్గర ఇది ఇంకా దగ్గరి గాయం. రోహిత్ వేముల చనిపోయి ఎనిమిదేళ్లయ్యాక, 2024 మే నెలలో తెలంగాణ పోలీసుల ముగింపు నివేదిక అతను దళితుడు కాదంది. నిరసన రాగానే మళ్లీ దర్యాప్తు చేస్తామన్నారు. తల్లి రాధిక వేముల మాట ఏళ్ల తరబడి ఒకటే. అయినా ఎన్‌సైక్లోపీడియాకు పోలీసు కాగితం ఆధారమవుతుంది, తల్లి మాట ‘వాదన’ అవుతుంది. కారంచేడు, చుండూరు తర్వాత మనవాళ్లు రాసినదంతా కరపత్రాల్లో, పాటల్లో, బొజ్జా తారకం సంపాదకత్వంలో వచ్చిన ‘నలుపు’ లాంటి పత్రికల్లో ఉంది. అవి అచ్చయినవే. వాటిని ఎవరైనా ఉటంకిస్తేనే ఆధారాలవుతాయి, లేకపోతే అటక మీద కాగితాలు.

ఇక మర్యాద సంగతి. కలిసి రాసే ప్రతి సమాజమూ మర్యాదగా మాట్లాడమంటుంది. కాదనేదేముంది? కాని తెలుగులో మర్యాద అన్న మాటకే ఒక కులం ఉంది. డెబ్బయ్యేళ్ల మాదిగ ముసలాయన్ని పదేళ్ల దొరబిడ్డ ‘ఏరా’ అంటే అది ఊరి మర్యాద. ఆ ముసలాయన మనవడు తిరిగి ‘నువ్వు’ అంటే మర్యాద తప్పాడు. ఇంటర్నెట్ చర్చల్లో ఆ పాత కొలత కొత్త బట్టలు కట్టుకుని వస్తుంది. చల్లటి గొంతుతో ‘మీ వర్గానికి ఈ అంశంలో భావోద్వేగాలు ఎక్కువ’ అని రాసినవాడు మర్యాదస్థుడు. దాన్ని చదివి మండిపడినవాడి మీద ఫిర్యాదు. ప్రవర్తనా నియమం చూడాల్సింది గొంతు వేడిని కాదు, మాట ఎవరి మీదికి వెళ్లిందన్నది. వాదన మీద కోపంగా రాసిన విమర్శ విమర్శే. మనిషి మీద నవ్వుతూ రాసిన అవమానం అవమానమే.

ఇంతవరకు వాళ్ల గురించి. మన గుంపుల సంగతి కూడా చెప్పుకోవాలి, లేకపోతే ఈ వ్యాసం సగమే. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఎస్సీ వర్గీకరణకు అనుమతిస్తూ తీర్పిచ్చిన వారంలో మన అంబేడ్కరైట్ వాట్సాప్ గ్రూపులు ఎలా ఉన్నాయో చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు. మాదిగ విద్యార్థి లెక్కలు అడిగితే ‘ఐక్యతను చీలుస్తున్నావ్’. మాల విద్యార్థి తీర్పులోని క్రీమీలేయర్ వ్యాఖ్యల మీద భయం చెప్తే ‘నీ కడుపుమంట’. రెండువైపులా ఏజెంట్లు, కోవర్టులు. చివరికి అడ్మిన్ వేలితో తగవు తెగింది, ఒకవైపు వాళ్లందరూ గ్రూపులోంచి మాయం. వికీపీడియాలో తీసేసిన మాటకు చరిత్ర ట్యాబు ఉంది. మన గ్రూపుల్లో అదీ లేదు. మనువాదాన్ని విమర్శించేటప్పుడు వాడే పద్ధతి మన పక్కవాడి విమర్శ వినేటప్పుడు ఎందుకు పనిచేయదు?

పద్ధతి కోసం వేరే దేశాలు వెతకనక్కర్లేదు. బాబాసాహెబ్ 1946లో రాజ్యాంగసభకు ఎన్నికైంది బెంగాల్ నుంచే, జోగేంద్రనాథ్ మండల్ అండతో. విభజనతో ఆ స్థానం పోయి బొంబాయి నుంచి మళ్లీ వచ్చారు. 1948 ఫిబ్రవరిలో ముసాయిదా రాజ్యాంగం సిద్ధమయ్యాక దాన్ని ప్రజల ముందు పెట్టారు. వచ్చిన విమర్శలను, సవరణలను రచనా కమిటీ కూర్చుని పరిశీలించింది. ఏవి ఒప్పుకుంటున్నదో, ఏవి ఎందుకు ఒప్పుకోవడం లేదో కాగితం మీద పెట్టింది. తర్వాత సభలో 7,635 సవరణలకు నోటీసులొస్తే వాటిలో 2,473 చర్చకు వచ్చాయి. ఇంతకంటే పెద్ద చర్చాపేజీ ఈ దేశంలో ఇంకోటి లేదు.

అందులో ఒక ఘట్టం మన రచ్చబండకు నేరుగా సంబంధించినది. 1948 నవంబర్ 4న ముసాయిదాను ప్రవేశపెడుతూ అంబేడ్కర్ పల్లెను కడిగేశారు. భారతీయ గ్రామం సంకుచితత్వానికీ అజ్ఞానానికీ నిలయమని, ముసాయిదా గ్రామాన్ని కాక వ్యక్తిని ప్రమాణంగా తీసుకున్నందుకు సంతోషమని అన్నారు. సభ గుప్పుమంది. మన గుంటూరు జిల్లా ఎన్.జి. రంగా లేచి, దక్షిణాది గ్రామ పంచాయతీల చరిత్ర తెలిసి ఉంటే ఈయన ఇలా అనేవాడు కాదన్నారు. ఇంకా చాలామంది ఎత్తిపొడిచారు. ఆ నెల 22న కె. సంతానం గ్రామ పంచాయతీల మీద ఒక సవరణ ప్రతిపాదించారు. అంబేడ్కర్ లేచి ఒక్క ముక్కలో అంగీకరించారు. టంగుటూరి ప్రకాశం సంతోషం పట్టలేక మాట్లాడారు. ఇవాళ అది రాజ్యాంగంలో 40వ అధికరణం.

అంబేడ్కర్ పల్లె గురించి తాను అన్న మాటను వెనక్కి తీసుకోలేదు. దాన్ని మెత్తబరచనూ లేదు. ఆ అభిప్రాయం రికార్డులో ఉంది, దాని మీద వచ్చిన విమర్శా రికార్డులో ఉంది, సవరణా ఉంది. అధికరణాన్ని ఆదేశిక సూత్రాల్లో పెట్టారు, దళితుడి ప్రాథమిక హక్కుల్ని ఊరి పెద్దల చేతికివ్వలేదు. ఎక్కడ వదలాలో, ఎక్కడ వదలకూడదో తెలిసిన మనిషి చేసిన పని అది. ఏడాది తర్వాత 1949 నవంబర్ 25న చివరి ప్రసంగంలో, తనను అడుగడుగునా అడ్డుకున్న కామత్, కె.టి. షా, సక్సేనా లాంటి సభ్యులను పేరుపేరునా తలచుకుని, వాళ్లు లేకపోతే సభ తల ఊపేవాళ్ల సమావేశంగా మిగిలేదన్న అర్థంలో మాట్లాడారు. మన గ్రూపు అడ్మిన్లలో ఎంతమంది, గ్రూపులోంచి తీసేసినవాళ్లకు ఇలాంటి కృతజ్ఞత చెప్పగలరు?

ఇదంతా చదివి వికీపీడియాలో ఖాతా తెరవాలనుకునే విద్యార్థులకు కొన్ని మాటలు. ఒక్కరే వెళ్లకండి, నలుగురు కలిసి వెళ్లండి. 2015లో మొదలైన దళిత్ హిస్టరీ మంత్ ఏప్రిల్ నెలలో వికీపీడియా రాతకూ చోటిచ్చింది, ఆ దారి ఉంది. మీ మార్పును ఎవరైనా తిప్పేస్తే వెంటనే తిరిగి తిప్పకండి, చర్చాపేజీలో ఒక వాక్యం రాసి జవాబు అడగండి. జవాబు రాకపోతే ఆ మౌనం కూడా తేదీతో సహా అక్కడ ఉంటుంది. రాత్రి రెండింటికి రాయకండి. ఇది నియమం కాదు, నా సలహా.

కోల్‌కతాలో ఉన్న తెలుగు విద్యార్థులకు ఒక పని ప్రత్యేకంగా ఉంది. అలీపూర్‌లోని నేషనల్ లైబ్రరీకి 1954 చట్టం ప్రకారం దేశంలో అచ్చయ్యే ప్రతి పుస్తకం ఒక ప్రతి చేరాలి. అక్కడ తెలుగు విభాగం ఉంది. దళిత, బహుజన రచయితలు సొంత డబ్బుతో వేసుకున్న ఏ పుస్తకాలు ఆ బీరువాల్లో దొరుకుతాయో ఒక శనివారం వెళ్లి చూడండి. పుస్తకం పేరు, ప్రచురణ సంవత్సరం, పేజీ సంఖ్య రాసుకుని రండి. రచ్చబండ మీద ఎవరైనా ఆధారం ఏదని అడిగినప్పుడు ఆ పేజీ సంఖ్య ఇవ్వండి.